పెరటితోటకు వేసవి పరీక్ష

రోహిణికార్తెలో రోళ్ళు పగులునని పెద్దల మాట. నిజామాబాదు పట్టణమునను, బోధను ప్రాంతమునను కాపురముండువారికి ఈ మాటలోని సత్యమును వేఱుగా బోధింపనక్కఱలేదు. మే మాసమున ఇచ్చట పగటివేడి 42 డిగ్రీలు దాటుట సామాన్యము. కొన్ని సంవత్సరములలో 45ను మించుటయు కలదు. పదకొండుగంటలకే వీథులు నిర్మానుష్యములగును. సాయంకాలము అయిదు దాటినగాని జనులు వాకిలి దాటరు. అట్టి దినములలో తెల్లవాఱుజామున లేచి, ఇంకను మసకచీకటి యుండగనే పెరటిలోనికి నడచి, బెండమొక్క ఆకును తిరుగవేసి చూచుకొను జనసమూహమొకటి ఈ ప్రాంతమునందు కలదు. వీరు వ్యవసాయమువలన జీవించువారు కారు. ఉపాధ్యాయులు, వకీళ్ళు, కచేరి గుమాస్తాలు, దుకాణదారులు, ఉద్యోగమునుండి విరమించిన పెద్దలు, వీరందఱికంటె అధికసంఖ్యలో ఇల్లాండ్రు. వీరి భూవసతి యంతయు కలిపి పాతిక గజములు. కొందఱికి అదియును లేక మిద్దెమీది పది తొట్లు.

ఈ పెరటి సేద్యగాండ్రు వేసవిలో ఏమి చేయుదురో, ఏమి మాటలాడుకొందురో వ్రాయుట నేటి మా యుద్దేశము. దేశమున ఇంతకంటె గురుతరములైన ప్రశ్నలు లేవా యని కొందఱనవచ్చును. కలవు. అయితే నీరు, విత్తు, భూమి యను మూడు పెద్ద ప్రశ్నలును ఈ పాతిక గజములలో ప్రతిదినము ఎదురగుచునే యున్నవి. పెద్ద సభలలో తేలని తగవులు గోడమీది సంభాషణలో కొంత తేటపడుటయు కలదు.

వేసవిలో ఈ సంభాషణకు రెండే వేళలు: పొద్దు పొడువక మునుపు, పొద్దు గ్రుంకిన పిదప. “వదినె, మా బీరతీగె పందిరంత పాకింది గని పిందె పడుతలేదు” అని గోడ కీవలినుండి ఒకామె యనును. “పూసినవన్ని మొగపూలే అయి ఉంటయి, ఇంకో పది దినాలు ఆగుండ్రి” అని ఆవలినుండి సమాధానము. “పంతులుగారూ, మిరపాకు ముడుచుకపోతున్నది, ఏం మందు కొట్టమంటరు?” అని దుకాణపు యజమాని యడుగును. “మందు సంగతి తర్వాత గని, ఆకు మీదికి ముడుచుకున్నదా, కిందికి ముడుచుకున్నదా?” అని పంతులుగారి యెదురుప్రశ్న. వాడకట్టు చివఱనున్న భాయి ఇంటి పొదీనా ఎండకు చెక్కుచెదరలేదని తెలిసి నలుగురు పోయి అడుగుదురు. ఆయన వేళ్ళతో సహా గుప్పెడుగుప్పెడు పెఱికి యిచ్చును. ఇవియే ముచ్చట్లు. ఇందు పరనింద లేదు, రాజకీయము లేదు. తన సొంత కాయ పెద్దదని చెప్పుకొను కొద్దిపాటి అతిశయము మాత్రము కలదు, అది క్షంతవ్యము.

ఈ మాటలలో శాస్త్రము లేదనుకొనువారు పొరపడుచున్నారు. మిరపాకు మీదికి దోనెవలె ముడుచుకొన్నయెడల తామరపురుగును, క్రిందికి తిరుగబడినయెడల నల్లిని అనుమానింపవలయును. రెంటికిని ఒకే మందు పనిచేయదు. కావున పంతులుగారి ప్రశ్న వైద్యుడు నాడి చూచుటవంటిది. టమాట మొక్క నిండుగ పూచి, పిందె నిలువక, పూవు కాడతో సహా రాలిపోవుచున్నదని వేసవిలో ప్రతియింటను వినబడు ఫిర్యాదు. ఇది తెగులు కాదు. పగటివేడి 35 డిగ్రీలను దాటి, రాత్రివేడి 24 డిగ్రీలకు దిగనప్పుడు టమాట పుప్పొడి శక్తి క్షీణించును. ఎరువు పెంచినను, మందు చల్లినను ఫలము లేదు. మొక్కకు మధ్యాహ్నపు నీడ కల్పించి, ప్రాణము నిలిపి, వానకాలము వఱకు వేచియుండుటయే కర్తవ్యము. ఈ సంగతి తెలియక మేలో మూడు తడవలు మందు కొని చల్లినవారు డబ్బును, తేనెటీగలను ఒక్కసారే పోగొట్టుకొనుచున్నారు.

బీరతీగె సంగతియు ఇట్టిదే. తీగెజాతులలో పలుమాఱు మగపూలు ముందుగ వచ్చును. పిందెను మోయు ఆడుపూలు తరువాత వచ్చును. ఎండ తీవ్రముగ నున్నప్పుడు మగపూల సంఖ్య మఱింత పెరుగును. మఱియొక రహస్యము కలదు. గుమ్మడిపూవు, కాకరపూవు వేకువనే విచ్చుకొనును. బీరపూవు, సొరపూవు సాయంకాలము విచ్చుకొనును. తేనెటీగలు తగ్గిన పట్టణమున చేతితో పుప్పొడి అద్దదలచినవారు ఈ వేళలెఱిగి యుండవలయును. ఉదయము ఎనిమిదిగంటలకు బీరపందిరి క్రింద నిలిచి వాడిన పూలను పట్టుకొని ప్రయాసపడుట వ్యర్థము. పొద్దు గ్రుంకిన పిమ్మట ఒక మగపూవును త్రుంచి, రేకులు తీసి, ఆడుపూవు నడుమ మెల్లగ అద్దినయెడల నాలుగుదినములలో పిందె తేఱుకొనును. ఈ మర్మము చాలమంది పుస్తకములలో చదివి నేర్చుకొన్నది కాదు. పొరుగింటి ముసలమ్మ చెప్పగా విని నేర్చుకొన్నది.

ఇందూరుసీమ పెరళ్ళకు ఒక విశేషచరిత్ర కలదు. మంజీరానదిపై నిజాంసాగరపు నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. 2,75,000 ఎకరములకు నీరందించు సంకల్పముతో కట్టబడిన ఆ జలాశయము ఈ ప్రాంతపు రూపమునే మార్చివైచినది. కాలువనీరు పాఱిన పిదప 1930ల నుండి గుంటూరు, కృష్ణా, గోదావరి మండలముల రైతులు కుటుంబములతో తరలివచ్చి బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములందు స్థిరపడిరి. వారు వెలయించిన పల్లెలు నేటికిని ‘క్యాంపు’ లనియే పిలువబడుచున్నవి. వచ్చినవారు ఎడ్లను, నాగళ్ళను తెచ్చుకొన్నట్లే కొంగున ముడివేసికొని విత్తులను కూడ తెచ్చుకొనిరి. ఇచ్చటివారు పుంటికూర యనగా వారు గోంగూర యనిరి. ఇచ్చటి గోకరకాయ వారికి గోరుచిక్కుడు. ఇచ్చటి ఆనిగెపుకాయ వారికి సొరకాయ. ఇచ్చటి గంగవాయిలి వారికి పావిలికూర. పేళ్ళు వేఱైనను పాదు ఒక్కటియే. పొలముల విషయమున, పదవుల విషయమున ఈ రెండువర్గములకు నడుమ వాదములు వచ్చియుండవచ్చును. పెరటిగోడమీదుగా విత్తుల మార్పిడికి అవి యడ్డుపడలేదు. దీనికితోడు మహారాష్ట్రసీమ పొరుగుననే యున్నది. ఉర్దూ మాటలాడు కుటుంబములు పట్టణమున విశేషముగ నున్నవి. గోరింటచెట్టును, దేశవాళి గులాబిని, పొదీనామడిని ఆ యిండ్లు నిలుపుకొని వచ్చినవి. ఇన్ని వంటిండ్ల రుచులు కలియుటచేతనే ఇచ్చటి పెరడు మిక్కిలి వైవిధ్యము కలదైనది.

ఇక చెఱకు సంగతి. నిజాంసాగరపు నీటిని నమ్ముకొని 1937లో బోధను చెంత శక్కరనగరమున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. ఆసియాఖండముననే పెద్దదని ఒకప్పుడు పేరుపడిన ఆ కర్మాగారమును ఆశ్రయించి వేలకొలది కుటుంబములు బ్రదికినవి. గానుగయాడు కాలమున బండ్లబారులు, బెల్లపుపాకము వాసన, పిప్పికుప్పలు, ఇవన్నియు ఆ యూరి జీవనములో భాగములు. 2002లో దాని యాజమాన్యమున ప్రైవేటు భాగస్వామి ప్రవేశించెను. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడెను. తెల్లవాఱునప్పటికి పనివారికి జీతము లేదు, రైతునకు చెఱకు అమ్ముకొను చోటు లేదు. చెఱకు వేసిన పొలములు పెక్కు వరికి మాఱినవి. పుడమి యంతయు ఒక్క పైరునే నమ్ముకొన్నప్పుడు, ఆ పైరు ఒక్క కర్మాగారమునే నమ్ముకొన్నప్పుడు, ఆ కర్మాగారపు తలుపునకు తాళముపడిననాడు ఏమగునో బోధను ప్రాంతము చూచినది.

సముద్రముల కావల మఱియొక చక్కెరసీమ ఇట్టి గతినే అనుభవించినది. క్యూబాదీవి తన చక్కెరను సోవియట్ దేశమునకు అమ్మి, దానికి బదులుగా తైలమును, ధాన్యమును తెచ్చుకొని బ్రదికెడిది. 1991లో సోవియట్ రాజ్యము కూలగానే ఆ వ్యాపారము నిలిచిపోయెను. తిండికి కటకటపడిన హవానా నగరవాసులు ఖాళీస్థలములను, పెరళ్ళను, మిద్దెలను కూరగాయల మళ్ళుగ మార్చుకొనిరి. ప్రభుత్వము వారికి భూమిని, విత్తులను, సలహాను ఇచ్చి తోడ్పడినది. 2002లో ఆ దేశము చక్కెరమిల్లులలో దాదాపు సగమును మూసివేసినది. నగరపు తోటలు మాత్రము నిలిచినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో రెండుకోట్ల యిండ్లవారు పెరటితోటలు వేసిరని ప్రసిద్ధి. పెరటితోట దేశమును పోషింపజాలదు. బియ్యము, పప్పు, నూనె పెరటినుండి రావు. అయితే కష్టకాలమున పచ్చనికూర లేని అన్నమును పిల్లల యెదుట పెట్టవలసిన దురవస్థనుండి అది కాపాడగలదు. పెద్దపొలములో ఒకే పైరు ఉన్నను పెరటిలో ఇరువది రకములుండును. ఈ వైవిధ్యమే దాని బలము.

ఇంతవఱకు పెరటితోటను కొనియాడితిమి. ఇక దానిపై వచ్చు ప్రబలమైన ఆక్షేపణను పరిశీలింపవలయును. వేసవిలో త్రాగునీటికే బిందెలు పట్టుకొని నిలుచువారుండగా ఉన్నవాడు గులాబీలకు నీరు పోయుట న్యాయమా యని ప్రశ్న. ఇది మత్సరముతో పుట్టిన ప్రశ్న కాదు. బోరుబావులు ప్రతియేటను లోతునకు పోవుచున్నవి. వేయి అడుగులు త్రవ్వించుకొను స్తోమత గలవాని బోరు నడుచును; పక్కింటి వాని మున్నూఱడుగుల బోరు ఎండును. క్రిందిజలము ఎవ్వరి సొంతమును కాదు. అది వాడకట్టునకెల్ల ఉమ్మడి చెఱువు వంటిది. కన్నులకు కనబడని చెఱువగుటచేత ఎవ్వరెంత తోడుకొనుచున్నారో లెక్కకు రాదు. ఈ యన్యాయమును పెరటితోట పేరుతో కప్పిపుచ్చరాదని మా దృఢాభిప్రాయము.

కావున లెక్క చూతము. నూఱు చదరపుటడుగుల కూరగాయల మడి యనగా తొమ్మిది చదరపు మీటర్లకు కొంచెము పైన. మే నెలలో నిండుగ ఎదిగిన మడి దినమునకు ఆఱు ఏడు మిల్లీమీటర్ల నీటిని ఆకులద్వారమునను, నేలద్వారమునను పోగొట్టుకొనునని పెట్టుకొందము. చదరపు మీటరునకు ఒక మిల్లీమీటరనగా ఒక లీటరు. అనగా ఆ మడికి దినమునకు 60 లీటర్లు, 15 లీటర్ల బిందెలు నాలుగు. నలుగురున్న యింట బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు ప్రొద్దుననుండి రాత్రివఱకు ఒక గోలెములో చేర్చినయెడల బిందెడైనను కాకపోదు. నలుగురు స్నానముచేసిన నీరు నాలుగు బిందెలకు తక్కువ కాదు. ఈ నీరంతయు నేడు ఎక్కడకు పోవుచున్నది? సిమెంటుకాలువలో పడి దోమలను పెంచుచున్నది. దానినే మరల్చుకొన్నచో త్రాగునీటి చుక్కను ముట్టకుండ నూఱడుగుల మడి నిలుచును. బియ్యము కడిగిన నీరు ఆకుకూరలకు నిరభ్యంతరము. స్నానపు నీటిలో సబ్బు కలియును గనుక దానిని అరటి, బొప్పాయి, కరివేపాకు, జామ వంటి చెట్ల మొదళ్ళకు పాఱించుట మేలు. పచ్చిగ తిను కొత్తిమీరకు, పొదీనాకు పోయరాదు. బట్టలుతికిన కారపునీరు ఏ మొక్కకును పనికిరాదు.

నీటిని తెచ్చుట సగము పని; నిలుపుకొనుట తక్కిన సగము. నగ్నముగ నున్న నేలను మే నెల ఎండకు వదలుట పసిబిడ్డను మిట్టమధ్యాహ్నము వాకిట పండబెట్టుట వంటిది. నాలుగువ్రేళ్ళ మందమున ఆకుచెత్త కప్పినయెడల నేల చల్లగ నుండును, తడి నిలుచును, కలుపు తగ్గును. ఈ ప్రాంతమున కప్పునకు కఱవు లేదు. వరిగడ్డి కలదు, బియ్యపుమిల్లుల ఊక కలదు, చెఱకు వేయు పల్లెలలో కోతయైన పిదప నేలను పఱచుకొను ఎండుటాకు కలదు. ఈ చెఱకుటాకును పలువురు రైతులు నిప్పంటించి కాల్చివేయుచున్నారు. గాలిని చెఱచి, నేలలోని జీవములను మాడ్చు ఆ నిప్పునకు బదులుగా ఒక బండెడు ఆకును పట్టణపు పెరళ్ళకు చేర్చిన రైతునకు నాలుగు రూకలు వచ్చును, పెరళ్ళకు ప్రాణము వచ్చును. చెదపురుగు గల నేలలో మాత్రము కప్పు కాండమునకు తాకకుండ జానెడు దూరమున నుంచవలయును.

మఱియొక ఉపాయము మన వంటయింటనే యున్నది. వేసవిలో ప్రతియింటను రంజను పెట్టుదురు. పాతబడి అంచు విఱిగిన రంజనును పాఱవేయక, మడి నడుమ మెడవఱకు పాతిపెట్టి, నీరునింపి, మూతవేసినయెడల, మట్టిగోడలగుండ తడి మెల్లమెల్లగ ఊరి చుట్టునున్న వేళ్ళకందును. ఒకసారి నింపిన నీరు రెండు మూడు దినములు వచ్చును. పైన పోసిన నీటివలె ఎండకు ఆవిరియై పోదు. పాదుల చుట్టు చిక్కుడు, కాకర, దోస వేసినవారు ఈ పద్ధతివలన చాల లాభము పొందుదురు. గాజుపూత పూసిన జాడీ దీనికి పనికిరాదు. కుమ్మరివాని పూతలేని మట్టికుండయే కావలయును. కుమ్మరివానికి నాలుగు కుండలు అదనముగ అమ్ముడగుటయు ఇందు ఒక పుణ్యము.

ఏది వేయవలయునో తెలిసికొనుట వలెనే ఏది వేయరాదో తెలిసికొనుటయు వివేకము. బెండ, గోకర, బీర, కాకర, పుంటికూర, తోటకూర, గంగవాయిలి, ఇవి మన ఎండకు పుట్టిన బిడ్డలు. కొంచెము నీటితో నెగ్గుకొనివచ్చును. క్యాబేజి, కాలీఫ్లవరు వంటి చలికాలపు కూరలను మే నెలలో పెంచబూనుట పంతమే కాని సేద్యము కాదు. ఇంటిముందు పఱచిన విదేశపు పచ్చగడ్డి అన్నిటికంటె ఎక్కువ నీరు త్రాగును. దాని ప్రతిఫలము కంటికి మాత్రమే. పొరుగింట బిందె నిండనినాడు గొట్టముపట్టి పచ్చగడ్డిని తడుపు గృహస్థుడు తన పచ్చదనమును ఎవరి గొంతునుండి తీసికొనుచున్నాడో ఆలోచింపవలయును. ముందు మనుష్యులకు, తరువాత పశువులకు, పక్షులకు, ఆపైన కూరగాయలకు, చిట్టచివఱ అలంకారమునకు. నీటిపంపకమున ఈ క్రమము తప్పరాదు.

నీటిప్రశ్నకు అంటియున్నది నేలప్రశ్న. వెనుకటి యిండ్లకు చేదబావి, దొడ్డి, వేపచెట్టు విధిగ నుండెడివి. నేడు రెండువందల గజముల స్థలము కొన్నవాడు అంగుళము వదలక గోడనుండి గోడవఱకు ఇల్లు కట్టి, మిగిలిన సందునకు సిమెంటు పోయించుచున్నాడు. ఈ జిల్లాలో ఏటికి సుమారు వేయి మిల్లీమీటర్ల వాన కురియును. రెండువందల గజములనగా 167 చదరపు మీటర్లు. దానిపై సంవత్సరమునకు పడు వాననీరు ఒక లక్షయఱువదియేడువేల లీటర్లు. అందు యాబది గజములను మట్టిగ వదలినను నలుబదివేల లీటర్లకు పైగ నీరు ఆ మట్టిమీద పడును. అంతయు ఇంకకపోయినను గణనీయమైన భాగము లోనికి దిగును. సిమెంటు మీద పడినది నిమిషములో మోరీ పాలగును. వానకాలమున నేలకు నీరు ఇయ్యనివాడు వేసవిలో నేలనుండి నీరడుగుటకు ఏమి హక్కు గలవాడు? బోరుబావికి లక్షలు వెచ్చించుటకంటె యాబది గజముల మట్టిని వదలుట చవుక. అంతేకాక మట్టి, చెట్టు గల యిల్లు రాత్రివేళ త్వరగ చల్లాఱునను సంగతి దొడ్డి గల యింట నిదురించిన ప్రతివానికిని తెలియును.

స్థలమే లేనివారికి మిద్దె కలదు. ‘మిద్దెతోట’ యను మాటకు తెనుఁగుదేశమున వ్యాప్తి కలిగించినవారిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు ముఖ్యులు. హైదరాబాదు శివారున తమ యింటి మిద్దెపై కూరలు, పండ్లు పెంచి చూపి, ఆ పేరనే గ్రంథమును వ్రాసిరి. అయితే మిద్దెమీది తొట్టికి నేలమీది మడికంటె ఎండదెబ్బ ఎక్కువ. ప్రక్కలనుండియు వేడి తగులును. తొట్లను దగ్గఱదగ్గఱగ చేర్చి పెట్టుట, పడమటి వైపున పాత గోనెపట్టాలు వ్రేలాడదీయుట, మధ్యాహ్నము పదునొకండునుండి నాలుగువఱకు పలుచని నీడ కల్పించుట అత్యవసరము. మిట్టమధ్యాహ్నము వాడిన ఆకును చూచి కంగారుపడి నీరు పోయువారున్నారు. సాయంకాలమునకు ఆకు తనంతట లేచినచో అది దాహము కాదు, ఎండనుండి తప్పించుకొను మొక్క యుపాయము. ప్రొద్దున లేచుసరికిని ఆకు వాడియే యున్నచో అప్పుడు నీరు కావలయును. మట్టిలో వ్రేలుగ్రుచ్చి చూచినపుడు రెండు కణుపుల లోతున తడి తగిలినయెడల ఆనాటికి నీరు పోయనక్కఱలేదు.

కోతుల బెడద చెప్పని వేసవి ముచ్చట ఈ పట్టణమున సంపూర్ణము కాదు. అడవులలో పండు, నీరు తఱుగగా అవి ఊళ్ళమీద పడుచున్నవి. జామచెట్టు, మామిడిచెట్టు గల యింట పిందె పండగునను ఆశ తక్కువ. దీనికి పూర్తి నివారణము పెరటివారి చేతిలో లేదు. కొండలపై, గుట్టలపై పండ్లచెట్లు తిరిగి పెంచుట ప్రభుత్వము పని. అంతవఱకు కాకర, మిరప, నిమ్మ, పసుపు, అల్లము వంటి కోతి సాధారణముగ ముట్టని వానిని వేసికొని అనుభవజ్ఞులు నెట్టుకొనివచ్చుచున్నారు. పసుపనగా ఈ జిల్లాకు పుట్టినింటి ధనము. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల పసుపు నిజామాబాదు విపణికి వచ్చును. జాతీయ పసుపు బోర్డు ముఖ్యకార్యాలయము 2025లో ఈ పట్టణముననే నెలకొన్నది. అట్టిచోట చెట్టునీడ నున్న పెరటిమూలలో నాలుగు పసుపుకొమ్ములు మృగశిరలో పాతుకొనని యిల్లుండుట లోపమే. నీడను సహించు పైరగుటచే దానికి వేఱు స్థలము వెదకనక్కఱలేదు.

తుదిగా విత్తుసంగతి. దుకాణములో రంగురంగుల పొట్లములందు దొరకు సంకరవిత్తు మొదటిసారి చక్కగ కాయును. దాని కాయనుండి తీసిన విత్తు మఱుచటియేడు తల్లిని పోలదు. అందుచేత ఏటేట కొనవలసినదే. ముసలమ్మ ఉట్టిమీది బుడ్డిలో బూడిద కలిపి దాచిన బీరవిత్తు అట్టిది కాదు. ఆ యింటి నేలకు, ఆ యింటి ఎండకు తరతరములుగ అలవాటుపడినది. పొలములనుండి దేశవాళి విత్తులు తొలగిపోవుచున్న ఈ కాలమున పెరడే వానికి మిగిలిన ఆశ్రయము. ఆ ముసలమ్మలు వెళ్ళిపోవుచున్నారు. వారితో బుడ్డియు పోవుచున్నది. విత్తుపోయిన పిదప పేరు మాత్రము నిలిచి ప్రయోజనమేమి? ప్రతి తీగెకును ఆరోగ్యముగల మొదటి కాయలలో నొకదానిని కోయక తీగెపైననే ఎండనిచ్చి, విత్తుతీసి, నీడన ఆఱబెట్టి, మూడు పాళ్ళు చేసి, ఒకటి తనకు, రెండు పొరుగువారికి ఇచ్చుట నియమముగ పెట్టుకొన్నచో ఆ జాతి ఒక యింట నశించినను మఱొక యింట బ్రదుకును. పంచిన విత్తే దాచిన విత్తు.

మా పాఠకులలో భూస్వాములు కలరు, పట్టణమున ఇండ్లుగల సంపన్నులు కలరు. వారికి మా విన్నపము స్పష్టముగ చెప్పుచున్నాము. చెఱకుటాకును, వరిగడ్డిని కాల్పింపకుడు; కావలసినవారికి తీసికొనిపోనిండు. కొత్తయిల్లు కట్టునపుడు నాలుగవవంతు నేలను మట్టిగ వదలుడు. లోతుబోరు గలవారు వేసవి మూడునెలలు పచ్చగడ్డికి నీరు మాని, ఆ నీటిలో కొంత పొరుగువారి బిందెలకు ఇండు. నగరపాలకసంస్థవారు తిలక్ గార్డెను వంటి బహిరంగస్థలములందు వేసవి చివఱ ఒకదినమున విత్తుల మార్పిడికి తావు కల్పింతురుగాక. పాఠశాలల ఆవరణలలో చేతులు కడిగిన నీరు పాఱు చోట నాలుగు అరటిపిలకలు పాతించుటకు ఏ శాసనమును అక్కఱలేదు.

మృగశిర ప్రవేశింపగానే తొలకరికి నేల వాసన లేచును. మేలో అనుభవించినదంతయు మఱచిపోవుట మనకు అలవాటు. అప్పుడు మఱువని వాడే మఱుచటి వేసవిని గెలుచును. వాన రాకమునుపే కుంటలు త్రవ్వి, సిమెంటును కొంత పగులగొట్టి, పాదులు చేసి, దాచిన విత్తును ఒకసారి ఎండజూపి సిద్ధము చేసికొనుడు. ఈ వేసవిలో ఎండిన మొక్కలెన్ని, నిలిచిన మొక్కలెన్ని, అవి ఏ నీటితో నిలిచినవి యని ప్రతి గృహస్థుడును తన పెరటి లెక్క తాను వ్రాసికొన్నయెడల ఆ చీటీ రాబోవు వేసవికి ఏ పంచాంగముకంటెను ఎక్కువగ ఉపకరించును.